ప్లీడరు గారి గోథిక్ చదువు

2 ఫిబ్రవరి 1959, సోమవారం. ఉదయం 5-00

సత్తెనపల్లిలో ఇంతవరకు ఏ ప్లీడరూ చెయ్యని పని ఈ వేళ మొదలుపెట్టాను. ఐరోపా కళల చరిత్ర, కట్టడాల చరిత్ర! గ్రీకుల నుంచి నేటి దాకా! మద్రాసు నుంచి మూడు సంపుటాలు రైల్వే పార్సిలులో దిగాయి. ఒక్కొక్కటి ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. ఇక రోజూ తెల్లవారుజామున చదువు. ఈ వయసులో చదువేమిటని నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు.

కారణం కూడా రాసిపెట్టుకోవాలి. పోయిన నెల గుంటూరులో జడ్జిగారింట్లో తేనీటి విందు. పక్క కుర్చీలో ఉన్న లేడీ డాక్టరు, "శ్రీమన్నారాయణ గారూ, మీకు గోథిక్ ఇష్టమేనా?" అని అడిగింది.

"అలవాటు లేదండీ. కాఫీ ఒక్కటే తాగుతాను" అన్నాను.

జడ్జిగారు కూడా నవ్వారు.

5 ఫిబ్రవరి

అద్భుతం! గ్రీకు స్తంభాలు మూడు రకాలు. డోరిక్, అయోనిక్, కొరింథియన్. మల్లేశ్వరికి గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను.

"హోమియోపతి మందులాండీ? పరగడుపున వేసుకోవాలా?" అంది.

భార్యకు చెప్పి లాభం లేదు. కోర్టులో తోటి ప్లీడర్లకు చెప్పాను. కిక్కురుమనకుండా విన్నారు. ఒక్క ముక్క అర్థం కాలేదు. నాకు కావలసిందీ అదే.

11 ఫిబ్రవరి

ఘోరం! శిల్పాల అధ్యాయం తెరిచిపెట్టి స్నానానికి వెళ్ళాను. వచ్చేసరికి పుస్తకం ముందు అత్తగారు నాంచారమ్మ గారు! ఆవిడ నాతో నేరుగా మాట్లాడరు. వంటింటి వైపు తిరిగి కేకేశారు.

"మల్లేశ్వరీ! మీ ఆయన్ని చదువుకోవద్దనను. బట్టలు కట్టుకున్నవాళ్ళ గురించి చదువుకోమనవే!"

ఇంట్లో శాంతి ముఖ్యం. గ్రీకులనూ రోమనులనూ వదిలేసి ఒక్క దూకుతో పన్నెండో శతాబ్దపు చర్చి కట్టడాల్లో పడ్డాను. గోథిక్! ఈ శిల్పాలు మెడదాకా కప్పుకునే ఉన్నాయి.

24 ఫిబ్రవరి

ఈ మధ్య చదువు సాగలేదు. నా తప్పు కాదు. మిరపకాయల కాలం. కొట్ల నుంచి ఘాటు వస్తుంటే తుమ్మాలా, చదవాలా? పైగా పత్తి బేళ్ళ దావా ఒకటి. అయినా రోజూ బొమ్మలు చూస్తున్నాను. బొమ్మలు చూడటమూ చదువే.

1 మార్చి, ఆదివారం

నా పేరు పాకింది! క్రైస్తవపేట బడిపంతులు జక్రయ్య వచ్చాడు. అక్కడి చర్చి పెద్ద కూడా అతనే. చర్చి ముందు ద్వారం కట్టుకుందామని పేటవాళ్ళంతా పత్తి చేల పనులయ్యాక ఇటుకలు కోసుకుని కాల్చుకున్నారట. ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం నాడు ఆ ద్వారంలోంచి పాడుకుంటూ లోపలికి పోవాలని వాళ్ళ ఆశ.

"దొరల కట్టడాలు చదువుతున్నారని విన్నామండీ. మాకు కాస్త దారి చూపించండి. గుండ్రటి కమాను చాలండీ మాకు."

ససేమిరా అన్నాను. కడితే మొన తేలిన కమానే కట్టాలి, గోథిక్! బొమ్మ నేనే గీసిచ్చాను. దాన్ని కళ్ళకద్దుకుని తీసుకెళ్ళాడు.

17 మార్చి, మంగళవారం

రంజాన్ మేస్త్రీ కమాను మొన కలిపాడు. ఎంత ముచ్చటగా ఉందో! ఆదివారం వచ్చి చూడమని లేడీ డాక్టరుకు కబురు పెట్టాను.

"ఈ మొన కమాను నాకూ కొత్తేనయ్యా. కింద సరుగుడు కర్రల ఊతం ఎన్నాళ్ళు ఉంచాలో పుస్తకంలో చూసి చెప్పండి" అన్నాడు రంజాన్.

ఆ అధ్యాయం నేను చదవలేదు. అందులో బొమ్మలు లేవు. కానీ ఆదివారం నాటికి కర్రలు కనబడితే గోథిక్ అందం ఏం కావాలి?

"నాలుగు రోజులు" అన్నాను.

"సున్నం ఇంకా పచ్చిగానే ఉంటదేమోనయ్యా..."

"పుస్తకం చదివింది నువ్వా, నేనా?"

పక్కనే ఉన్న జక్రయ్య నా వంక చూసి, సరేనని మేస్త్రీకి తలూపాడు. నమ్మకమంటే అదీ!

21 మార్చి, శనివారం

మధ్యాహ్నం: కర్రలు తీసేశారు. నిలబడింది! పేటంతా చప్పట్లు! కాఫీకి ఇంటికొచ్చాను.

సాయంత్రం: పడింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. జక్రయ్య సైకిలు నలిగింది.

22 మార్చి, మట్టల ఆదివారం

జ్వరమని చెప్పమన్నాను. మల్లేశ్వరి నుదురు ముట్టుకుని, దుప్పటి లాగేసి, చేతికి చొక్కా ఇచ్చింది.

లేడీ డాక్టరు కారు దిగి అటూ ఇటూ చూసింది. "గోథిక్ ఏదండీ?"

"శిథిలావస్థలో ఉందండీ."

ఈసారి ఆవిడ నవ్వలేదు. పేటవాళ్ళు మట్టలు పట్టుకుని ఇటుకల కుప్పను చుట్టి, పక్క తలుపులోంచి పాడుకుంటూ లోపలికి వెళ్ళారు. జక్రయ్య నా దగ్గర ఆగాడు.

"పుస్తకంలో నాలుగు రోజులనే ఉందాండీ?"

"అది ఫ్రాన్సు సున్నం సంగతి. మన సున్నం వేరు" అన్నాను. "కుప్ప ఎత్తడానికి మనుషుల్ని పంపిస్తాలే."

"వద్దులెండి. ఇటుకలు మేం ఎత్తుకుంటాం. మీరు చదువుకోండి."

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

25 మార్చి

ఆ అధ్యాయం చదివాను. ఊతం వారాల తరబడి ఉంచాలట. ఇంత ముఖ్యమైన సంగతి బొమ్మ కిందే వెయ్యొద్దూ!

ఇంకో పేజీలో గొప్ప విషయం దొరికింది. ఫ్రాన్సులో బోవే అనే ఊళ్ళో కెథడ్రల్ అనే మహా చర్చి కప్పు కూడా కూలిందట! అచ్చంగా మనలాగే! ఇష్టపడి చదివిన పేజీ ఇదొక్కటే. మల్లేశ్వరికి వినిపించాను.

"మళ్ళీ కట్టుకున్నారా?"

"కట్టుకున్నారు."

"వాళ్ళ ప్లీడరు వెళ్ళి ఇటుకలు మోశాడా?"

దాని గురించి పుస్తకంలో ఏమీ లేదు.

30 మార్చి, సోమవారం. ఉదయం 5-00

పేటలో గుండ్రటి కమాను మొదలుపెట్టారట. నన్నెవరూ అడగలేదు. మంచిదే, చదువుకు తీరిక దొరికింది.

ఈ వేళ నుంచి మళ్ళీ మొదలు! కట్టడాల జోలికి పోను. మూడో సంపుటం, చిత్రలేఖనం మాత్రమే. బొమ్మ బుద్ధిగా గోడకు వేలాడుతుంది. ఒకవేళ పడినా, అది మేకు తప్పు.