చెట్టుకు ఛాతీ కొలత

చిట్టి చెల్లికి,

నిన్న పొద్దున నేను ప్రార్థనలో ఉండగా తమ్ముడి గొంతు ఇల్లెక్కింది. కుట్టు దుకాణం తెరిచే వేళయింది, కొలతల టేపు కనబడలేదు. తీరా చూస్తే వాడి కూతురు దాంతో వీధిలో చెట్టును కొలుస్తోంది!

"ఏమే, దానికి జాకెట్టు కుట్టాలా?" అన్నాడు.

"ఫారెస్ట్రీలో మొదట నేర్పేది ఇదే నాన్నా. మన ఛాతీ ఎత్తులో చుట్టుకొలత తీయాలి."

"ఛాతీ కొలతా?" వాడి కోపం అక్కడే ఆగిపోయింది. "టేపు అలా వంకరగా పడితే కొలత తప్పుతుందే తల్లీ. ఇటివ్వు."

దేవుడేమీ అనుకోడులెమ్మని నేనూ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. తండ్రీకూతుళ్లు వీధి చెట్లన్నీ కొలిచారు. దుకాణం ముందు బేరాలు ఎదురుచూశాయి. అడవి చదువు వద్దంటే వద్దని, నీ చేత మీ ఊరి కాలేజీలో కామర్స్ సీటు మాట్లాడించిన మనిషి వీడేనా అనిపించింది.

పిల్ల మాత్రం వాడి మొహమే చూస్తూ తిరిగింది.

సాయంత్రం అందరం కూర్చున్నాం. పిల్ల ఫారెస్ట్రీ కాలేజీకే వెళ్తుంది. కామర్స్ సీటు వద్దని నువ్వే ఆ కాలేజీ వాళ్లకు చెప్పు. తమ్ముడు ఒక్క షరతు పెట్టాడు: దాని ఖాకీ యూనిఫాం ఇంకెవరూ కుట్టకూడదట.

అక్క