సిల్వానో గారు వదిలిన ఖాళీ

క్యారీ, నార్త్ కరోలినా

అక్కకి, చెల్లెలు వసుధ నమస్కారాలు.

నువ్వూ, బావగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారనుకుంటాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉందో రాయి. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. చలి మొదలైంది. నాకింకా కారు నడపడం రాలేదు, పగలంతా ఒక్కదాన్నే. ఫోన్ కార్డ్ ఉంది గానీ నీ గొంతు వింటే ఏడ్చేస్తాను, అందుకే రాస్తున్నాను. కంగారుపడకు, జబ్బులేమీ లేవు. భయంగా ఉంది, అంతే.

ఆదివారం నా కచేరీ. మా పక్కింట్లో, కూతురి దగ్గర, సిల్వానో గారని ఇటలీ పెద్దాయన ఉంటారు. వాళ్ల దేశంలో పేరున్న స్వరకర్తట. దసరాకి గుడిలో నా వయొలిన్ విని, నా కోసమే ఒక రచన చేశారు. చెల్లో అని మనిషంత వయొలిన్ ఒకటుంది, దానితో కలిసి వాయించాలి. వాళ్ల నొటేషన్ నాకు రాదని ఆయనే పాడి నేర్పారు. స్టేజీ మీద నేను కిందే కూర్చుంటానంటే సరేనన్నారు.

ఆయన నాటకాలకు రాసినా, చర్చికి రాసినా, మధ్యలో ఒకచోట వాయించేవాళ్లందరూ ఆగిపోయి, కాసేపు నిశ్శబ్దంగా ఉండాలి. ఇందులోనూ అంతే. నేనేమో ఇన్నేళ్లూ పక్కవాద్యం వాయించినదాన్ని. పాడేవాళ్లు ఆపగానే, వాళ్లు వదిలిన సంగతి అందుకోవడమే కదా నా పని. మొన్న రిహార్సల్‌లో చెల్లో ఆగింది, నా చేయి దానంతటదే అందుకుంది. చెల్లో అమ్మాయి తెల్లబోయింది. మళ్లీ మొదలుపెట్టాం, మళ్లీ అదే. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని నానమ్మ అనేది నన్నే కాబోలు.

"సారీ సార్, ఈసారి ఆపేస్తాను" అన్నాను. ఆయన కుర్చీలో కూలబడ్డారు.

"యుద్ధంలో మేం నేలమాళిగలో దాక్కున్నాం. బాంబులు ఆగాయి. చీకట్లో అమ్మా అని పిలిచాను. అమ్మ పలకలేదు. ఆ నిశ్శబ్దమే అన్నిట్లో రాస్తూ వచ్చాను" అన్నారు. కళ్లు తుడుచుకుని, "ఇవాళ ఎవరో పలికారు. ఆదివారం కూడా అలాగే పలుకు" అన్నారు.

అప్పటినుంచి అన్నం సయించడం లేదక్కా. మీ మరిది "ఆయనే ఓకే అన్నారుగా, ఇంకా టెన్షన్ ఎందుకు?" అంటారు. మొన్నటిదాకా చేయి కదులుతుందని భయం. ఇప్పుడు ఇంట్లో సాధనకని చెల్లో ఒక్కటే రికార్డు చేసిన టేపు పెట్టుకుని కూర్చుంటే, అది ఆగగానే కమాను తీగ మీదే బిగుసుకుపోతోంది. ఆయన ముందు వరసలో కూర్చుంటారు. నేను పలకకపోతే ఆ ముసలి ప్రాణం ఏమైపోతుంది?

ఎవరైనా వస్తుంటే కందిపొడి పంపు. బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. గురువుగారి కాళ్లకు నా బదులు దండం పెట్టు. ఆదివారం దీపం పెట్టేటప్పుడు నన్నొక్కసారి పేరు పెట్టి గట్టిగా పిలు. ఇక్కడ పలుకుతాను.

నీ ఆశీస్సులు కోరే
వసుధ