బావ వదిలి వెళ్లిన కంట్రోలర్

ఆదివారం, బాన్సువాడ

ఈరోజు కూడా బావ, దారిలో ఆరబోసిన వడ్ల దుమ్ము పడకుండా గేమ్ కంట్రోలర్‌ను తువ్వాలలో చుట్టుకుని నా ఫ్లెక్సీ షాపుకు వచ్చాడు. ఇంట్లో టీవీకి పెట్టుకున్న తన గేమ్ బాక్సులో రాని ఆటలు నా కంప్యూటర్లో ఆడతాడు. నా దాంట్లో రానివి ఆడడానికి నేను వాళ్లింటికి వెళ్తాను. అక్క పెళ్లయినప్పటి నుంచీ ఇదే వరస.

రాబోయే బాక్సులు లోపల కంప్యూటర్లేనట, రెండింటి ఆటలూ ఒకదాంట్లోనే ఆడొచ్చట అని చెప్పాను. సంబరపడతాడనుకున్నాను. బావ ఆట ఆపేశాడు.

"గట్లయితే మీ అక్కకు ఏం చెప్పి రావాలెరా ఈడికి?"

నవ్వేశాను గానీ, అదే ఫికర్ నాకూ పట్టుకుంది.

పోయేటప్పుడు కంట్రోలర్ టేబుల్ మీదే వదిలి, ఉత్త తువ్వాల భుజాన వేసుకుని బండెక్కాడు. మరిచిపోయాడేమోనని పిలిచాను.

"ఉండనియ్ రా, గాడ్నే ఉండనియ్," అన్నాడు.