గాలికుంటు లేని ఎద్దులు

1966 ఆగస్టు 4
డాక్టరుగారు బదిలీ అయి నెల. ఇంకా ఎవరూ రాలేదు. పశువుల ఆసుపత్రికి ఇప్పుడు కాంపౌండరునైన నేనే దిక్కు.
రాజాం సంతలో ఇన్ని ఎద్దుల్ని ఎన్నడూ చూడలేదు. వానల్లేక అందరూ అమ్మేవాళ్లే. కొనేవాళ్లు ముగ్గురు, కబేళా బేరగాళ్లు. బియ్యం మిల్లు ఆగి రెండు వారాలు. బళ్లు చేసే వడ్రంగి కొట్టు ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ఆగస్టు 10
సత్యంనాయుడు వచ్చాడు. నాతో బడిలో చదివాడు, పక్క ఊళ్లో వ్యవసాయం. ఎద్దుల జతను తోలుకొచ్చాడు. చూశాను. జబ్బేమీ లేదు, చిక్కాయంతే.
"రోగముందని రాసీ."
"ఏటి రోగం?"
"ఏదో ఒకటి. అన్నయ్య రేపు సంతకి తోలేత్తానంటన్నాడు. వాన పడితే దేంతో దున్నుతాం మరి?"
గాలికుంటు అని చీటీ రాసి, పేరుకి ఓ మందు సీసా కూడా ఇచ్చాను. ఆ రోగముంటే సంతలోకి రానివ్వరు.
మొదటిసారి అబద్ధం రాశాను.

ఆగస్టు 17
అంటురోగమని ఊళ్లో తెలిసిపోయింది. సత్యం ఎద్దుల్ని ఎవరూ నూతి దరికి రానివ్వడం లేదట. గడ్డి బదులు కూడా ఇవ్వడం లేదట. కావిడితో నీళ్లు మోస్తున్నాడు... ఇది నాకు తట్టలేదు.

ఆగస్టు 18
సంత. హోటల్లో సాయంత్రం పొయ్యి వెలిగించలేదు. "సంతకొచ్చినోల్లు టీ తాగడం మానీసేరు బాబూ" అన్నాడు హోటలాయన.

ఆగస్టు 26
మబ్బు. అంతే.

సెప్టెంబరు 2
నిన్న గంటసేపు వాన. సైకిలు మీద వాళ్ల ఊరు వెళ్లాను. సత్యం దున్నుతున్నాడు. నాలుగు చాళ్లకే ఎడమ ఎద్దు కూలబడింది. కాసేపు ఆగి, లేపి, మళ్లీ కట్టాడు. నన్ను చూసి నవ్వాడు.

సెప్టెంబరు 9
మళ్లీ చినుకు లేదు.

సెప్టెంబరు 14
చల్లిన చోడి గింజలు మొలకలోనే మాడిపోయాయి. అన్నదమ్ములిద్దరూ ఎద్దుల్ని తోలుకుని వచ్చారు.
"మీ మందు బాగా పన్సేసింది బాబూ" అన్నాడు అన్న. నిజంగానే నమ్మాడు. "రోగం పోనాదని రాసీండి. రేపు సంతకి తోలీసి, మేవందరం కలకత్తా జనపమిల్లుకి ఎలిపోతాం. పిల్లలికి అంబలి కూడా లేదు."
సత్యం వెనక నిలబడ్డాడు. నా వైపే చూస్తున్నాడు.
పొద్దున్నే రండి, చూసి చెప్తానన్నాను.
చూడటానికేముంది...