రిబ్బన్ కట్టిన క్యాన్లల నీళ్లే తాగాలె

బావా, అరకు పొయ్యే తొవ్వల అడవి నడుమ మంచినీళ్లు ఒడిసిపోయి పాప గొంతెండుతదని నా భయం. దానికన్నా పెద్ద భయం నాకు ఇంకోటి లేదు.

అందుకే థార్ వెనక సీటంతా నీళ్ల క్యాన్లు పెట్టి తాడుతో కట్టిన. షిఫ్టు దిగి రాంగనే వాటిని దించకు. "బొగ్గు బాయిల ఒక్క సీసతోని షిఫ్టంత ఎల్లదీస్త" అంటవ్ గని, బాయిల నువ్వుంటవ్, పాప ఉండదు.

నీళ్ల క్యాన్లకు పాప రిబ్బన్లు కట్టిన. రిబ్బన్ లేనిది డీజిల్‌ది. పోయినసారి డీజిల్ డబ్బనే సర్ఫుతో కడిగి నీళ్లు పట్టుకొచ్చినవ్. మీ అన్న తాగి, "ఇగ నన్ను గూడ సెల్ఫ్ కొట్టి స్టార్ట్ చెయ్యొచ్చు" అన్నడు. అందరు నవ్విన్రు. నాకు ఇల్లు చేరేదాక డీజిల్ తేన్పులే.

బట్టల బ్యాగులకు జాగ మిగల్లేదు. రెండు జతలు ఒకదాని మీద ఒకటి ఏసుకో.

పాపను ఎత్తుకొని ఓఆర్ఎస్ పొట్లాల కోసం మందుల షాపుకు పోతున్న.

ఇంకోటి. అత్తమ్మ పొద్దటిసంది బండి ముందు సీట్లనే కూసున్నది. దిగితే ఆ జాగల ఇంకో క్యాన్ పెడతనని ఆమె అనుమానం. మల్ల దిగాల్సి వస్తదని చుక్క నీళ్లు ముడ్తలేదు. జర పోయి చూడు.