పాత బ్రిడ్జి కింది తీగ

శనివారం, రాత్రి

ఇయ్యాల రైలు పట్టాల మీది పాత బ్రిడ్జి ఎక్కంగనే, ముందున్న పత్తి లారీ తాడు ఊడి బ్రిడ్జి గోడ అవతలికి జారింది. వానకు తడిసి ఉంది. డ్రైవర్ దిగి గుంజబోతుంటే ఉరికి చెయ్యి పట్టుకున్న.

"ముట్టకు కాకా. బ్రిడ్జి ఎత్తు తక్కువ, రైలు కరెంటు తీగ కిందనే ఉంది."

ఆయన తొంగి చూసి ఎనుకకు జరిగిండు. ఫోన్ చేస్తే రైల్వేవాళ్లు వచ్చి, కరెంటు బంద్ చేసి తాడు తీసిన్రు.

"నీకెట్ల తెలుసు బిడ్డా?" అన్నడు డ్రైవర్.

"మా తమ్ముడు ఈడనే పోయిండు. చిక్కిన పతంగి తీద్దామని ఇనుప చువ్వ దించిండు."

బ్రిడ్జి ఎత్తు లేపుతమని అప్పటిసంది అంటనే ఉన్నరు.

ఇంటికొచ్చి అవ్వకు చెప్పిన. అంతా ఇని "గా డ్రైవర్ ఇంటికి మంచిగ చేరిండా?" అని అడిగింది. ఫోన్ నంబర్ తీసుకోవాలన్న సోయి నాకు లేకపాయె.