సోమవారం చప్పట్లు

వదినా, నేను బాగానే ఉన్నాను, కంగారు పడకు. నాన్నకి మాట పడిపోయిందని నీ ఉత్తరంలో చూసిన రోజే సెలవడిగాను. మా పెద్దసారుకి ఈమధ్య పుస్తకాల పిచ్చి పట్టింది. మనసు, మెదడు, సంతోషం, నలుగురి చేత పని చేయించడం, వీటి మీద అట్టపెట్టె నిండా తెప్పించి మా ప్యాకింగ్ సెక్షన్లో పంచాడు. ప్రతి సోమవారం మిషన్లు వేసేముందు ఒకరు లేచి తాము చదివింది చెప్పాలి. సెలవడిగితే నా చేతిలో మెదడు పుస్తకం పెట్టి, "చదువమ్మా, ధైర్యం వస్తుంది" అన్నాడు.

చదివాను. మాట పడిపోయినవాళ్ళకి అలవాటైన గొంతు పక్కనే వినిపిస్తే మేలని అందులో ఉంది. సోమవారం అందరి ముందూ అదే చదివి, "ఆ గొంతు నాది సార్, నన్ను పంపించండి" అన్నాను. ఒకటే చప్పట్లు. పెద్దసారు కళ్ళు తుడుచుకుని, "ఎంత బాగా చెప్పావమ్మా! వచ్చే సోమవారం హెడ్డాఫీసు వాళ్ళొస్తున్నారు, వాళ్ళ ముందూ ఇలాగే చెప్పాలి" అన్నాడు. చెవిటివాడి ముందు శంఖమూదినా ఇంతకంటే నయం. మానేసి వచ్చేద్దామంటే నాన్న మందులు ఎవరు కొంటారు?

ఆయనకి ముద్ద మింగుడు పడుతోందా? అన్నయ్య నడుంనొప్పి తగ్గిందా? నా మంచం మీది మెత్తటి దుప్పటి నాన్నకి వెయ్యి. రోజూ చెవి దగ్గర నాలాగే "నాన్నోయ్" అని సాగదీసి పిలువు. నేనే వచ్చాననుకుంటే అనుకోనీ, కాదని చెప్పకు. పిల్లలకి ముద్దులు.

బోలెడు చప్పట్లు సంపాదించిన
నీ ఆడపడుచు